నీళ్ల సూది

1944 ఫిబ్రవరి 21

తనిఖీ ఖాయమైంది. పట్నం నుంచి కాగితం వచ్చింది. మార్చి ఏడో తారీఖున ఇన్‌స్పెక్టర్ వస్తాడు. లేబరేటరీలో మార్ఫియా ఎంత ఉంది, ఎవరికి ఎంత ఇచ్చాం, బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, అన్నీ చూస్తాడట. యుద్ధం వచ్చాక నొప్పి మందు దొరకడమే గగనమైంది. దొరికిన చోట సర్కారు కన్ను ఉంటుంది.

డాక్టర్ రామచంద్రయ్య సార్ కాగితం రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. "నువ్వున్నవు గద జానమ్మా, నాకేం ఫికర్ లేదు" అన్నారు.

ఆ మాటతో సాయంత్రం దాకా ఆకలి వేయలేదు.

ఫిబ్రవరి 22

ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వడానికి లేబరేటరీ గురించి ఒక పేజీ ఇంగ్లీషులో రాయమన్నారు సార్. నాలుగుసార్లు చింపి రాశాను. రాసిందిది. జడ్చర్ల చుట్టుపక్కల, మెట్లబావుల్లోకి దిగి నీళ్లు ముంచుకునే పల్లెల్లో నారి కురుపు ఎక్కువ. ఆ నీళ్లు తాగినవాళ్ల ఒంట్లో పురుగు ఏడాదిపాటు దారంలా మూరెడు పెరిగి, కాలు పొడుచుకుని బయటికి వస్తుంది. మేము బావుల నీళ్లు తెచ్చి మైక్రోస్కోపు కింద చూస్తాం. చెడ్డ బావిని పూడ్పిస్తాం. కీలులో ఇరుక్కున్న పురుగును సార్ కోసి తీస్తారు. కోసే ముందు మార్ఫియా సూది వేస్తారు.

రాయనిదిది. ఈ బంగళా ఊరి దొరది, కిరాయి లేకుండా ఇచ్చాడు. సార్ సాలెవారి ఇంట్లో పుట్టారు, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని చదువుకున్నారు. నేను ఊరి బయటి వాడలో కూలి బాలస్వామి బిడ్డను, మిషన్ బడిలో ఎనిమిది చదివాను. మొదటి రోజు సార్ స్లైడు మీద నీటిచుక్క పెట్టి, "చూడు బిడ్డా, మనోళ్లను నడవకుంట చేసేది గిదే" అన్నారు.

మనోళ్లు అన్నారు. ఊళ్లో పెద్దమనుషులెవరూ అప్పటిదాకా నన్ను కలుపుకుని ఆ మాట అనలేదు.

ఫిబ్రవరి 23

సీసాలన్నీ కడిగాను. పాత లేబుళ్లు గోరుతో గీకి కొత్తవి అంటించాను. బీరువాకు నూనె పెట్టాను. ఇప్పుడు కిర్రుమనడం లేదు.

ఫిబ్రవరి 24

ఇవాళ సార్ రిజిస్టర్ నా ముందు పెట్టారు. మార్ఫియా సూది వేసిన ప్రతి పేరు ఎదుట, చివరి గడిలో "నా సమక్షంలో ఇచ్చారు" అని సంతకం కావాలట. ఇన్నాళ్లూ ఆ గడి ఖాళీగా ఉంది. ముందటేడు దసరా తర్వాత నుంచి ఇప్పటిదాకా ముప్పై నాలుగు పేర్లు. అన్ని సార్లూ నేను అక్కడే ఉన్నాను. పేషెంట్ చేతులు పట్టుకునేది నేనే కదా.

ముప్పై నాలుగు సంతకాలు పెట్టాను. చివరికొచ్చేసరికి పేరు వంకర పోయింది. సార్ నవ్వి, ఇంక నువ్వు కూడా ఆఫీసరువే అన్నారు.

ఫిబ్రవరి 26

మొన్న సంతకాలు పెడుతుంటే బాపు పేరు తగిలింది. దాటుకుని వెళ్లిపోయాను. ఇవాళ మళ్లీ తెరిచి చూశాను. బాలస్వామి, యాభై రెండేళ్లు, ఎడమ మోకాలు, మార్ఫియా పావు గ్రెయిన్. కింద బాపు వేలిముద్ర.

పోయిన మే నెల. పురుగు మోకాలి కీలులో చచ్చి గట్టిపడింది. సార్ కత్తి పెట్టగానే బాపు అరిచిన అరుపు రోడ్డు మీది బండ్లవాళ్లకు వినిపించింది. నాకు సిగ్గేసింది. నా దవాఖానలో, నా డాక్టరు ముందు. "మందిచ్చినం గద బాపూ, ఎందుకట్ల ఒర్రుతవు? జర ఓర్చుకో" అన్నాను. గట్టిగానే అన్నాను. బాపు నా మొహం చూసి, తలపాగా గుడ్డ నోట్లో కుక్కుకున్నాడు. తర్వాత చప్పుడు చేయలేదు.

వాడలో ఇప్పటికీ బాపును "సూది ఇచ్చినా ఏడ్చినోడు" అంటారు. బాపు కూడా వాళ్లతో కలిసి నవ్వుతాడు. అమ్మ పోయాక మా ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఆ రోజు గురించి మేము ఒక్కసారీ మాట్లాడుకోలేదు.

ఫిబ్రవరి 27

యాసిడ్ చింది చూపుడువేలు కాలింది. పెద్దదేం కాదు.

ఫిబ్రవరి 28, మధ్యాహ్నం

ఎందుకు చేశానో మొదట రాస్తాను. ఇన్‌స్పెక్టర్ మందును పరీక్ష చేసి చూడొచ్చని సార్ అన్నారు. ఆ పరీక్ష సార్ పుస్తకంలో ఉంది. సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో రెండు చుక్కలు ఫార్మలిన్ కలపాలి. అందులో మార్ఫియా పడితే ఊదా రంగు వస్తుంది. ఆ రోజు నేనే చేసి చూపిస్తే సార్‌కు గౌరవంగా ఉంటుందనుకున్నాను. అందుకే నిన్నటి నుంచి నేర్చుకుంటున్నాను. సార్ పల్లెలకు వెళ్లినప్పుడు బీరువా తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

పొడి ఉన్న సీసా నుంచి రవ్వంత తీసి వేశాను. మంచి ఊదా రంగు వచ్చింది. కలిపి పెట్టిన సొల్యూషన్ సీసా నుంచి ఒక చుక్క పళ్లెంలో ఆరబెట్టి వేశాను. పేషెంట్లకు సూదిలోకి తీసేది ఈ సీసా నుంచే.

రంగు రాలేదు.

నేనే ఎక్కడో తప్పు చేసి ఉంటాను.

ఫిబ్రవరి 29

కొత్త యాసిడ్‌తో మూడుసార్లు చేశాను. పళ్లెం మార్చి చేశాను. ఇరవై చుక్కలు ఆరబెట్టి చేశాను. పళ్లెంలో ఏమీ మిగలడం లేదు. మచ్చ కూడా లేదు.

సీసాలో ఉన్నది నీళ్లు. డిస్టిల్డ్ వాటర్. ప్రతి సోమవారం పొయ్యి ముందు కూర్చుని ఆ నీళ్లు కాచేది నేనే.

మార్చి 1

సొల్యూషన్ కలిపేది సార్ ఒక్కరే. పొడి తూచేదీ ఆయనే. రిజిస్టర్ ప్రకారం పొడి తగ్గాల్సినంతే తగ్గింది, ఒక్క గ్రెయిన్ తేడా లేదు. తగ్గిన పొడి సొల్యూషన్‌లోకి మాత్రం రాలేదు.

ఒకటి గుర్తొచ్చింది. బజారులో కిరాణా సేటు భార్యకు మడమ కోసినప్పుడు సార్ సంచిలోంచి వేరే సీసా తీశారు. కోస్తుంటే ఆమె నిద్రపోయింది. రిజిస్టర్‌లో ఆమె పేరు లేదు. మన పల్లెల వాళ్లు మాత్రం అరుస్తారు, తంతారు. మనవాళ్లు మొండివాళ్లు, చదువు లేక భయపడతారు అనుకునేదాన్ని. బక్కమ్మ అని ఒక కూలి మనిషి నన్ను ముంజేతి మీద కొరికింది. ఆ గాటు చూసినప్పుడల్లా ఆమె మీద కోపం వచ్చేది.

రోజూ సాయంత్రం దొర ఉండే గడీ నుంచి టాంగా వస్తుంది. సార్ సంచి పట్టుకుని ఎక్కుతారు. ముందటేడు దసరాకు దొర గుర్రం మీది నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. దానికి కట్టు మార్చడానికి వెళ్తున్నారనుకున్నాను. ఏడాదిన్నర నుంచి కట్టు మారుస్తారా ఎవరైనా?

మార్చి 2, సాయంత్రం

అడిగేశాను.

పొద్దున సార్ రాగానే రెండు పళ్లేలు బల్ల మీద పెట్టాను. ఒకదాంట్లో ఊదా, ఒకదాంట్లో ఏమీ లేదు. ఏ పళ్లెం ఏ సీసాదో చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అబద్ధం చెప్తారనుకున్నాను. చెప్పలేదు. అదే నన్ను ఎక్కువ కలచింది.

కుర్చీ చూపించి కూర్చోమన్నారు. దొర తుంటి ఎప్పుడో అతుక్కుంది, మందు అలవాటు మాత్రం పోలేదట, బయట దొంగచాటుగా కొనేది చాలదట. ఇవ్వనని ఒకసారి అంటే, మర్నాడే దొర మనుషులు వచ్చి మైక్రోస్కోపు గడప బయట పెట్టారట. నేను ఊళ్లో లేని వారం అది. ఈ బంగళా లేకపోతే పని లేదు. ఏడు బావులు పూడ్పించాం, ఈ వేసవిలో ఎన్ని కాళ్లు బాగుంటాయో నువ్వే లెక్క కట్టు అన్నారు.

నిజమే. ఆ ఏడు బావుల నీళ్లూ నేను చూసినవే.

మరి వాళ్లకు నీళ్లని చెప్పి కోయొచ్చు కదా సార్ అన్నాను. చెప్తే ఎవరు కోయించుకుంటారు అన్నారు. సూది చూస్తే సగం ధైర్యం వస్తుందట. వాళ్ల మేలుకేనట.

"మా బాపుకు గూడనా సార్?"

కిటికీ వైపు తిరిగారు. తర్వాత అన్నారు: "మీ బాపు ఓర్చుకుంటడనుకున్న. మీవాళ్లకు ఓర్పు ఎక్కువ."

మొదటి రోజు మనోళ్లు అన్నారు. ఇవాళ మీవాళ్లు అన్నారు.

లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి, రిజిస్టర్‌లో నీ సంతకాలు కూడా ఉన్నయి బిడ్డా, మనసుల పెట్టుకో అన్నాడు. గొంతు మెత్తగానే ఉంది.

మార్చి 3

పనికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు. సాయంత్రం టాంగా వచ్చింది. వెళ్లింది.

మార్చి 5, ఆదివారం

మిషన్ గుడికి వెళ్లాను. పాట పాడలేదు. పక్కన సైదమ్మ ఒంట్లో బాగలేదా అని అడిగింది. అవునన్నాను.

మధ్యాహ్నం బాపు చింతచెట్టు కింద మంచం మీద తాడు పేనుతున్నాడు. ఎడమ కాలు చాపుకునే కూర్చుంటాడు, ఆ మోకాలు వంగదు. ఎదురుగా నేల మీద కూర్చుని చెప్పాను. సూదిలో మందు లేదు బాపూ, నీళ్లు అన్నాను. నీకు ఉత్త కత్తి పెట్టారు, నేను నిన్ను కసిరాను.

బాపు తాడు పేనడం ఆపలేదు. ఒక మూర పేనాడు. ఇంకో మూర. తర్వాత ఒళ్లో పెట్టుకుని మోకాలు నిమురుకున్నాడు.

"గట్లనా? మరి నేను పిరికోన్ని గాదన్నట్టు."

అదేదో తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. నేను ఏడ్చాను. బాపు ఏడవలేదు. కాసేపటికి, ఎంతమందికిట్ల అని అడిగాడు. ముప్పై నాలుగు అన్నాను. వాళ్లకెరికేనా అన్నాడు. తెలియదన్నాను.

"మరి వాళ్లు గూడ ఇండ్లల్ల నాలెక్కనే సిగ్గుపడుకుంట కూసున్నరేమో బిడ్డా."

మార్చి 6

డాక్టరు పిలిచి రేపు తెల్ల చీర కట్టుకుని రమ్మన్నాడు. సొల్యూషన్ సీసా కడిగి, తన సంచిలోని మందుతో కొత్తగా కలిపాడట. ఇంక దాని గురించి మాట్లాడుకోవద్దు అన్నాడు. వచ్చే ఏడాది నన్ను పట్నంలో నర్సు ట్రెయినింగుకు పంపిస్తానని, చిట్టీ రాసి పెట్టానని చూపించాడు. నిజంగానే రాశాడు. కింద తన సంతకం కూడా ఉంది.

ఇవన్నీ ఒక్క అక్షరం వంకర పోకుండా రాస్తున్నాను. నేను మంచి అసిస్టెంటుననే కదా పేరు.

మార్చి 7, సాయంత్రం

అయిపోయింది. వరసగా రాస్తాను.

ఇన్‌స్పెక్టర్ పదకొండింటికి వచ్చాడు. సన్నటి మనిషి, షేర్వాణీ, దగ్గు. బాగా పని తెలిసినవాడు. పొడి సీసా తూచాడు, రిజిస్టర్‌తో సరిచూశాడు, సరిపోయింది. బీరువా తెరిచి మూశాడు. తాళంచెవి ఎవరి దగ్గరని అడిగితే, నా దగ్గర, నేను లేనప్పుడు అసిస్టెంట్ దగ్గర అని డాక్టరు ఉర్దూలో చెప్పాడు. నేను రాసిన పేజీ చదివి, బాగుందన్నాడు ఇన్‌స్పెక్టర్. అప్పుడు రిజిస్టర్ నా వైపు తిప్పాడు. ఈ సంతకాలు నీవేనా, ఈ సూదులు నీ ఎదుటే ఇచ్చారా అని అడిగాడు.

అవునంటే అయిపోయేది. డాక్టరు నన్ను చూడలేదు. గోడ మీది బావుల నక్షా చూస్తున్నాడు.

నాకు వచ్చిన ఉర్దూలోనే చెప్పాను. సంతకాలు నావే. సూదులు నా ఎదుటే ఇచ్చారు. వాటిలో మందు లేదు, నీళ్లున్నాయి. మందు గడీకి వెళ్లింది.

ఇన్‌స్పెక్టర్ దగ్గు ఆపుకుని నన్ను మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను. ఆయన కేకలేయలేదు, నన్ను తిట్టలేదు. యాసిడ్, ఫార్మలిన్ తెమ్మన్నాడు. నేనే తెచ్చి ఇచ్చాను. సొల్యూషన్ చుక్క ఆరబెట్టి వేశాడు.

ఊదా. ముదురు ఊదా.

ఇది నిన్న కలిపింది సాబ్, అంతకుముందు నీళ్లు అన్నాను. దానికి రుజువు ఏమిటని అడిగాడు. పాత సీసా కడిగేశారు. పల్లెల వాళ్లు అరిచారు, అదే రుజువు అన్నాను. ఆయన కలం సిరాలో ముంచి, మళ్లీ పక్కన పెట్టాడు. ఆయన నమ్మాడనే అనిపించింది. నమ్మింది రాయడానికి మాత్రం ఆయన దగ్గర గడి లేదు.

అప్పుడు డాక్టరు మాట్లాడాడు. తిడతాడనుకున్నాను. నా గురించి బాగా చెప్పాడు. తెలివైన పిల్ల సాబ్, నా బిడ్డలెక్క అన్నాడు. తండ్రి కాలు కుంటిదైన దగ్గర్నుంచి మనసు బాగలేదు అన్నాడు. కళ్లద్దాలు తుడుచుకుని, ఇంకో మాట అన్నాడు. సీసాల నీళ్లున్నయంటే, నీళ్లు కాచేది ఎవరు, నేను ఊరికి పోయినప్పుడు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటది, మీరే ఆలోచించండి. నేనైతే కేసు వద్దంటున్న.

బతిమాలుతున్నట్టు అన్నాడు. నా కోసం బతిమాలుతున్నట్టు.

ఇన్‌స్పెక్టర్ రాసిన దాంట్లో రెండు ముక్కలున్నాయి. నిల్వ సరిగా ఉంది. అసిస్టెంట్ మీద అనుమానం, పని నుంచి తీసేయాలి. నన్ను కూడా సంతకం పెట్టమన్నారు. ఈసారి చదివి, పెట్టలేదు.

మెట్లు దిగుతుంటే ఇన్‌స్పెక్టర్ వెనక నుంచి వచ్చాడు. అమ్మా, ఊరు విడిచి కొన్నాళ్లు ఎటైనా వెళ్లు, గడీ సంగతి తెలుసు కదా అన్నాడు. అని కారెక్కాడు.

మార్చి 8

ఒక్క మాట మాత్రం తిరుగుతోంది. నా బిడ్డలెక్క.

మార్చి 10

బాపు కట్టె చెక్కుకుంటున్నాడు. ఎందుకంటే, నడవడానికి అన్నాడు. ఎక్కడికంటే, ముప్పై నాలుగు ఇండ్లకు అన్నాడు. గడీ వాళ్లు తంతారేమో అన్నాను.

"తంతరు. తన్నేటోళ్లు తంతరు. నువ్వు పేర్లు మతికి తెచ్చుకో."

పేర్లన్నీ నాకు నోటికి వచ్చు. సంతకం పెట్టినవి కదా. ఒకటి మాదే. మిగిలినవి ముప్పై మూడు.

మార్చి 14

నాలుగు ఇళ్లయ్యాయి. ఒకచోట మనిషి బతికి లేడు, జ్వరం వచ్చి పోయాడట. ఆయన భార్యకు చెప్పాను. చివరి దాకా నా మగడు తనను తాను తిట్టుకున్నడు అంది. మంచినీళ్లిచ్చింది. తాగలేకపోయాను.

మార్చి 17

బక్కమ్మ. నా చేయి కొరికిన మనిషి. పేడ పిసుకుతోంది. చెప్పేదంతా విన్నది. లేచి వచ్చి నా చెంప మీద కొట్టింది, పేడ చేత్తోనే. బాపు అడ్డం రాలేదు. నేనూ కదల్లేదు.

"డాక్టరు రాలె. నువ్వొచ్చినవు. గందుకే కొట్టిన" అంది. చేతులు కడుక్కుని వచ్చి మా ఇద్దరికీ జొన్నరొట్టె పెట్టింది. తింటుంటే మా ఎదురుగానే కూర్చుని పక్కింటి వాళ్లను పిలిచింది. అందరికీ మళ్లీ చెప్పమంది. చెప్పాను. ఒక ముసలాయన, దొర తుంటికి మా ఊరి నొప్పి మందంతా పట్టిందా అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

మార్చి 22

నిన్న గడీ నుంచి ఇద్దరు వచ్చి మా ఇంటి కప్పు మీది తాటాకు లాగేశారు. ఏమీ అనలేదు, లాగేసి వెళ్లిపోయారు. ఇవాళ పొద్దున్నే వాడవాళ్లు ఆకు తెచ్చి కప్పారు. బాపును ఇప్పుడెవరూ ఆ పేరు పెట్టి పిలవడం లేదు.

డాక్టరు బావుల పని ఆపలేదని విన్నాను. ఎనిమిదో బావి పూడ్పించాడట. మంచి పనే. మంచి పనేనని రాయడానికి చాలాసేపు పట్టింది.

మార్చి 27

ఇరవై ఏడు ఇళ్లు. మిగిలినవాళ్లలో ముగ్గురు షాద్‌నగర్ వైపు కూలికి వెళ్లారు. కొల్లాపూర్ దారిలో ఇద్దరు. బాపు మోకాలు వాచింది. ఆగుదామంటే వినడు.

ఏప్రిల్ 2

మిగిలిన పేర్లలో ఒకడైన బీరప్ప గుట్ట కింద గొర్రెల మంద దగ్గర దొరికాడు. చెప్పడం మొదలుపెట్టగానే చేయి అడ్డం పెట్టి ఆపాడు. ఆ ముచ్చట ఇన్న, పక్క ఊరోళ్లు చెప్పిన్రు అన్నాడు. పంచె పైకి లాగి పిక్క చూపించాడు. కొత్త నారి. తెల్లటి కొస బయటికి వచ్చి ఉంది.

సూది లేదు, మందు లేదు, నన్ను పనిలోంచి తీసేశారు అన్నాను.

"ఎరికే. చేతులున్నయి గద."

తంగేడు పుల్ల విరిచి పురుగు కొస చుట్టాను. రోజుకు వేలెడే చుట్టాలి, తెగితే కాలు పోతుంది. ఇరవై రోజులు రావాలి. బాపు ఆయన భుజాలు పట్టుకున్నాడు.

నొప్పి అవుతుందని ముందే చెప్పాను. అరవమన్నాను. అరిచాడు.